తడి శ్రోతలు, పొడి శ్రోతలు

రామన్నరేవులో శేషుకుమారి చేత జాకెట్టు కుట్టించుకోని ఆడమనిషి లేదు. ఆవిడ పాట పూర్తిగా విన్న మనిషి మాత్రం ఊరంతా గాలించినా దొరకడు. మొదటి సంగతికి ఆవిడేమీ మురిసిపోలేదు. రెండో సంగతే ప్రాణం తీస్తోంది.

పాటంటే ఎవరో రాసిపెట్టింది ఈవిడ పాడటం కాదు. మాటలు ఆవిడవే, వరస ఆవిడదే, గొంతు ఆవిడదే. మిషను తొక్కుతుండగా పుట్టింది కాబట్టి తాళం కూడా కాళ్ళ కిందే తయారైంది. మూడు బొంతలూ రెండు పరుపులూ కొట్టు గోడలకి వేలాడగట్టి, వీధిలో ఉల్లిపాయల బండి దాటిపోయేదాకా ఆగి, మొగుడు భద్రాన్ని దగ్గొద్దని బతిమాలుకుని, ఫోన్లో రికార్డు చేసుకుంది.

'ఏటి గాలీ ఏటి గాలీ, ఎటు పోతున్నావే?
మా లంక మీద కాసేపాగి మాట చెప్పి పోవే!'

ఇదీ పల్లవి. వింటే ఎవరో పడుచుపిల్ల గాలితో పరాచికాలాడుతున్నట్టు మహా హుషారుగా ఉంటుంది. అసలు సంగతంతా చరణాల్లో ఉంది. శేషుకుమారి పుట్టిన గన్నేరులంక గోదావరి పాయ మధ్యలో ఉండేది. ఏటేటా ఏరు కాస్త కాస్త కోసుకుంటూ పోయి, ఇప్పుడు దాని గురించి 'ఉండేది' అనే చెప్పుకోవాలి. ఆ మాట ఎవరితోనూ చెప్పుకోలేక పాట కట్టుకుంది. ఎవరైనా ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, దాన్ని చివరిదాకా వింటే చాలు.

సినిమాల్లో కాకుండా సొంతంగా పాడి సొంతంగా వినిపించుకునేవాళ్ళని ఇండిపెండెంట్ ఆర్టిస్టులంటారని ఆవిడకి ఫోనే చెప్పింది. సరేనని కొట్టు బోర్డు మీద 'శేషు లేడీస్ టైలర్' కింద ఆ మాట కూడా రాయించింది. అదేదో కొత్త మోడల్ జాకెట్టనుకుని ఇద్దరు అడిగి వెళ్ళారు. పాట ఇంటర్నెట్లో పెడితే మూడు నెలల్లో రెండు వందల పన్నెండు సార్లు విన్నట్టు అంకె చూపించింది. అందులో నూట నలభై సార్లు ఆవిడే విన్నది. వాట్సాప్ గ్రూపుల్లో పంపితే దణ్ణం బొమ్మలొచ్చాయి. కొలతలిచ్చేటప్పుడు కదలకుండా నిలబడాలి కదా, ఆ సందులో ఫోను నొక్కి వినిపించేది. పల్లవి అయ్యేసరికి "చేతులు కాస్త వదులుగా పెట్టండి శేషుగారూ" అనేవారు. భద్రం సంగతి చెప్పనే అక్కర్లేదు. కొబ్బరికాయల కొట్లో పొద్దంతా లెక్కపెట్టి వచ్చినవాడు, మొదటి చరణం రాకముందే గుర్రు పెట్టేవాడు. లేచాక "హాయిగా ఉందే పాట" అని మెచ్చుకునేవాడు.

అలాంటి రోజుల్లో సర్కారు వారికి స్వతంత్ర సంగీతం మీద ప్రేమ పుట్టింది. ఎందుకు పుట్టిందో ఎవరికీ తెలియదు. 'స్వతంత్ర గాయనీ గాయకుల ప్రోత్సాహక పథకం' అని ఉత్తర్వు వచ్చింది. ప్రతి పురపాలక సంఘమూ ఒక స్థానిక కళాకారుణ్ణి ఎంపిక చేసి, పాటను గడప గడపకీ చేర్చి, నెలనెలా నివేదిక పంపాలి. రామన్నరేవులో దరఖాస్తులు రెండే వచ్చాయి. రెండో ఆయన సన్నాయి విద్వాంసుడు. ఆయన వెనక డోలు వాయించేవాడు ఒకడున్నాడని విచారణలో తేలింది. డోలు మీద ఆధారపడినవాడు స్వతంత్రుడు ఎలా అవుతాడని ఆయన్ని తిప్పి పంపేశారు.

కమిషనర్ దక్షిణామూర్తిగారు శేషుకుమారిని ఛాంబరుకి పిలిపించారు. ఆయన మామూలు మాట కూడా ఫైల్లోంచి తీసి చదువుతున్నట్టే మాట్లాడతారు. పక్కన శానిటరీ ఇన్‌స్పెక్టర్ కోటిలింగం చేతులు కట్టుకు నిలబడ్డాడు. అతన్నెందుకు పిలిచారో శేషుకుమారికి అర్థం కాలేదు.

"చూడమ్మా, ఉత్తర్వులో సుస్పష్టంగా ఉంది. 'అందుబాటులో ఉన్న వనరులనే సమర్థవంతంగా వినియోగించుకొనుచు, అదనపు భారము పడకుండా' అని. మన సంఘం వద్ద లౌడ్‌స్పీకర్ కలిగిన వనరులు ఇరవై ఆరు కలవు. అన్నియును చక్రాల మీదనే కలవు."

"బళ్ళాండి?"

"పారిశుధ్య వాహనములు."

"అంటే... చెత్త బళ్ళేనా సార్?"

"ఆ పదం మేము వాడం" అన్నారు కమిషనర్ గారు నొచ్చుకుంటూ. "ఇరవై ఆరు వార్డులు, పధ్నాలుగు వేల గడపలు, ప్రతిదినం ఉదయం. ఏ సినిమా కంపెనీకి ఉందమ్మా ఈ పంపిణీ వ్యవస్థ?"

కోటిలింగం గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడేస్తున్న పాటకి జనం అలవాటు పడిపోయేరండి. బండి గుమ్మంలోకొచ్చినా కదలట్లేదు. కొత్త పాటైతే కదుల్తారండి. మేడంగారి పాట మంచి ఊపుగా ఉందండి."

ఊపుగా ఉందన్న మాట ఒక్కటే శేషుకుమారి చెవిలో పడింది. ఇన్నాళ్ళలో పాట గురించి అంత మాటన్నవాడు లేడు పాపం. ఆ రోజు సాయంత్రం భద్రంతో చెప్తే ఆయన కాసేపు ఆలోచించి, "పధ్నాలుగు వేల గుమ్మాలంటే మాటలు కాదే. ఎవరి బండైతేనేం?" అన్నాడు. ఆవిడకీ అదే నిజమనిపించింది. పధ్నాలుగు వేల గడపల్లో చరణందాకా వినే గడప ఒక్కటి ఉండకపోతుందా అని సంతకం పెట్టేసింది.

మొదటి రోజు తెల్లారకముందే తలంటు పోసుకుని, కొత్త చీర కట్టుకుని గేటు దగ్గర నిలబడింది. సందు మలుపు నుంచి తన గొంతు తనకే వినబడింది. 'ఏటి గాలీ ఏటి గాలీ' అంటూ ఆకుపచ్చ బండి తేలుతూ వస్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎదురింటి మంగతాయారు తలుపు తీసింది. పక్కింటివాళ్ళు తీశారు. వీధి వీధంతా బయటికొచ్చింది. చేతుల్లో ఆకుపచ్చ బుట్ట ఒకటి, నీలం బుట్ట ఒకటి. దబదబా బోర్లించారు. 'మాట చెప్పి పోవే' దగ్గరికొచ్చేసరికి పాట టక్కున ఆగిపోయింది, బండి కదిలింది. రెండిళ్ళవతల మళ్ళీ మొదట్నుంచి 'ఏటి గాలీ' అందుకుంది.

"ఈ పాట బావుందమ్మా శేషూ! ఎక్కడున్నా వినపడుతోంది" అంది మంగతాయారు ఖాళీ బుట్ట దులుపుకుంటూ.

"పిన్నిగారూ, అది నేను పాడిందేనండి."

"అలాగా! నీ గొంతు చెత్తబండికి సరిగ్గా అమిరింది" అని మనసారా మెచ్చుకుని లోపలికి వెళ్ళింది. ఆవిడ మనసులో వెటకారం అణుమాత్రం లేదు. అదే శేషుకుమారికి మరీ కష్టమనిపించింది.

నాలుగో రోజుకి శేషుకుమారి కమిషనర్ గారి దగ్గరికి పరుగెత్తింది. "సార్, పల్లవి దగ్గరే ఆపేస్తున్నారండి. చరణాలు కూడా వెయ్యాలండి. అసలు పాటంతా అక్కడే ఉందండి" అని మొర పెట్టుకుంది.

కమిషనర్ గారు కోటిలింగం చేత లెక్క కట్టించారు. పల్లవి నలభై సెకండ్లు. నలభై సెకండ్లలో సగటు గృహిణి రెండు బుట్టలు ఖాళీ చేయగలదు. చరణాలు కూడా కలిపితే పాట నాలుగు నిమిషాల పది సెకండ్లు. బండి ప్రతి ఆగుడు దగ్గరా అంతసేపు నిలబడితే, ఉదయం ఆరింటికి బయలుదేరినది తన వార్డు చివరికి చేరేసరికి మర్నాడు అవుతుంది.

"కావున చరణములకు పరిపాలనాపరంగా స్థానం లేదు" అని తేల్చేశారు. "అయినా శ్రోతలు పల్లవితోనే సంతృప్తి చెందుచున్నట్లు గణాంకాలు చెప్పుచున్నవి."

"ఏ గణాంకాలండి?"

నివేదికలో తొమ్మిదో గడి ఉంది. 'శ్రోతల స్పందన, కొలవదగిన ప్రమాణంలో' అని ఉంది. శ్రోతల స్పందన దేనితో కొలవాలో తెలియక కమిషనర్ గారు రెండు రోజులు తల పట్టుకున్నారట. కోటిలింగం కష్టపడి పరిష్కారం చెప్పాడు. పాట వినగానే జనం ఏం చేస్తున్నారు? చెత్త వేస్తున్నారు. అది బండి మీద కాటాలో తూగుతుంది. అంతకంటే కొలవదగిన స్పందన ఏ దేశంలో ఉంది?

మొదటి నెల నివేదిక శేషుకుమారి చేతికి కూడా ఒక ప్రతి ఇచ్చారు. 'రోజువారీ శ్రోతలు: పదకొండు టన్నుల నాలుగు వందల కిలోలు. ఇందు తడి శ్రోతలు ఏడు టన్నులు, పొడి శ్రోతలు నాలుగు టన్నుల నాలుగు వందల కిలోలు. గత గాయకుని కంటే రెండు టన్నుల అధిక ప్రజాదరణ.' భద్రం దాన్ని రెండుసార్లు చదివి, "తడి వాళ్ళే ఎక్కువున్నారే" అన్నాడు. శేషుకుమారి కాగితం లాక్కుని మిషను సొరుగులో పడేసింది.

అక్కడితో ఆగితే బావుండేది. ఆవిడకి మిషను తొక్కుతూ కూనిరాగం తీసే అలవాటుంది. ఒకనాడు పదకొండు గంటల వేళ, లంగా అంచు కుడుతూ, తనకి తెలియకుండానే 'ఏటి గాలీ' అందుకుంది. రెండో పాదం పూర్తవకుండానే కొట్టు ముందు పందొమ్మిది మంది బుట్టలతో నిలబడ్డారు. బండి లేదు. ఒకాయన ఆవిడ కత్తిరింపు ముక్కల డబ్బా చూసి, "ఇందులో వేసెయ్యమంటారా?" అని అడిగాడు.

ఆ వారంలోనే అడ్డాలవారింట్లో ఓణీల పండగ. పిల్లకి ఓణీ మీద జాకెట్టు కుట్టింది శేషుకుమారే. "మీరే పాడాలి, మీ పాట ఊరంతా మోగిపోతోంది" అని ఇంటావిడ మైకు చేతికిచ్చింది. మైకు చేతిలోకొచ్చాక ఏ కళాకారిణి వద్దంటుంది? కుదురుగా కూర్చున్న జనం, భోజనాలకి ఇంకా అరగంట వ్యవధి. ఈసారి చరణం పాడేయొచ్చని గబగబా అందుకుంది. పల్లవి సగంలో హాలు మొత్తం లేచి నిలబడింది. "బండొచ్చేసిందర్రా!" అని ఎవరో కేకేశారు. వంటవాళ్ళు కూరల తొక్కల గంప ఎత్తుకుని ఎదురు గుమ్మం గుండా పరుగెత్తారు. పిల్ల మేనమామ కంగారులో అక్షింతల పళ్ళెం కూడా పట్టుకుపోయాడు.

ఇంటావిడ మెల్లిగా మైకు తీసేసుకుని, "ఏమీ అనుకోకండి శేషుగారూ, ఏదైనా దేవుడి పాట పాడండి" అంది.

మర్నాడు పురపాలక సంఘం నుంచి నోటీసు వచ్చింది. 'అధీకృత పారిశుధ్య సంకేతమును వాహనము లేకుండా ఉచ్చరించుట' అనేది నేరం పేరు. 'తమరు తమ దుకాణమునందు సదరు సంకేతమును ఆలపించినందున పందొమ్మిది కుటుంబములు బుట్టలతో వెలుపలికి వచ్చి తీవ్ర నిరాశకు గురియైనవి. ఇకపై పాడదలచిన ఎడల నలభై ఎనిమిది గంటలు ముందుగా తెలియజేయవలెను. తగిన వాహనము పంపబడును.'

శేషుకుమారికి ఒళ్ళు మండిపోయింది. "నా పాట నేను పాడుకోడానికి బండి కావాలా? వీళ్ళ దుంప తెగ!" అంది. అయినా కోపంతోనే కాగితం తీసి రాసింది. 'గురువారం పదకొండు గంటలకు నా కొట్లో నా పాట నేను పాడదలచితిని.' గురువారం సరిగ్గా పదకొండింటికి ఆకుపచ్చ బండి వచ్చి కొట్టు ముందు ఆగింది. నోటీసులెంత వెర్రివైనా అమలు మాత్రం నిక్కచ్చి.

బండి డ్రైవరు సూరిబాబు యాభై దాటిన మనిషి. దిగొచ్చి గుమ్మంలో నిలబడి దణ్ణం పెట్టాడు. "అమ్మగారండి, తమరు పాడతారని పంపించేరండి."

"పాడను. పౌరుషానికి రాశాను. నువ్వు వెళ్ళిపో నాయనా" అంది శేషుకుమారి.

సూరిబాబు కదల్లేదు. చెప్పులు విప్పి గడప దగ్గర కూర్చున్నాడు. "ఒక్క మాటడుగుతానండి, తప్పుగా అనుకోకండి. నాలుగు నెల్లయిందండి ఈ పాటేసుకుని తిరగబట్టి. రోజుకి మూడొందలసార్లు ఇంటానండి. ప్రెతిసారీ గాలి ఎటు పోతందీ అనడుగుద్ది, పాటాగిపోద్ది. ఇంటికెళ్ళి అన్నం తింటున్నా అదే. మా ఆవిడ ఏదన్నా అడిగితే 'ఎటు పోతందో తెల్దే' అంటన్నానండి. ఇంతకీ ఎటు పోయిందండీ ఆ గాలి?"

శేషుకుమారి చేతిలో సూది అలాగే ఉండిపోయింది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా భద్రం అడగని మాట, రెండు వందల పన్నెండులో ఒక్కరూ అడగని మాట, ఈ మనిషి చెప్పులు విప్పి కూర్చుని అడుగుతున్నాడు.

"అది చెప్పేది కాదు సూరిబాబూ, పాడాలి. నాలుగు నిమిషాలు కూర్చో" అని నీళ్ళు తాగి, గొంతు సరిచేసుకుంది.

అంతలో సూరిబాబు జేబులో ఫోను మోగింది. అతను ఠక్కున లేచాడు. "ఆఫీసండి! బండి రెండు నిమిషాలు మించి ఒక్కచోట ఆగితే వాళ్ళ టీవీలో ఎర్రచుక్క పడుద్దండి. ఇంకోసారి పడితే నన్ను తీసేత్తారండి. ఎల్లొత్తానమ్మా" అని చెప్పులు సగం తొడుక్కునే పరుగెత్తాడు. బండి కదలగానే 'ఏటి గాలీ ఎటు పోతున్నావే' మొదలైంది. శేషుకుమారి ఆ రోజు ఇంకేమీ కుట్టలేదు.

రామన్నరేవు నివేదికలు పైకి పోయి పెద్ద సంచలనమే సృష్టించాయి. మిగతా పట్టణాల వాళ్ళు శ్రోతల్ని తలకాయల్లెక్కన పంపారు. రెండు వందలనీ మూడు వందలనీ దిక్కుమాలిన అంకెలు. ఒక్క రామన్నరేవు టన్నుల్లో పంపింది. పై అధికారులు ముచ్చటపడి, అక్కడే ప్రాంతీయ 'స్వతంత్ర గాన దినోత్సవం' జరపాలనీ, గాయని స్వయంగా పాడాలనీ, శ్రోతల స్పందనను ప్రాంతీయ ప్రోత్సాహక సంచాలకులు కళ్ళారా తూకం వేయించి చూస్తారనీ రాశారు.

చిక్కల్లా ఒక్కటే వచ్చింది. దినోత్సవం నమూనా పత్రంలో 'గానము కనీసం నాలుగు నిమిషములకు తగ్గరాదు' అని ఉంది. పల్లవి చూస్తే నలభై సెకండ్లే.

"ఆరుసార్లు పాడించెయ్యొచ్చండి" అన్నాడు కోటిలింగం.

"కుదరదయ్యా. 'ఒకే అంశము పునరావృతం కారాదు' అని కింద ఉంది" అన్నారు కమిషనర్ గారు దిగులుగా.

ఎదురుగా కూర్చున్న శేషుకుమారి కుర్చీ అంచుకి జరిగింది. అయినా పైకి ఏమీ తెలియనట్టు, "మిగతా టైముకి చరణాలున్నాయి కదండీ. అవి వేసేసి నింపేద్దామండి" అంది.

కమిషనర్ గారు చాలాసేపు ఆలోచించి ఫైల్లో రాశారు. 'చరణములను కాలపూరక సామగ్రిగా మాత్రమే అనుమతించడమైనది. వీటి వలన సంభవించు పరిణామములకు గాయనియే బాధ్యురాలు.' శేషుకుమారి ఆ కాగితం కళ్ళకద్దుకున్నంత పని చేసింది.

దినోత్సవం నాటి సాయంత్రం హైస్కూలు మైదానంలో షామియానా వేశారు. వేదికకి కుడివైపు పూలదండలు వేసిన రెండు బళ్ళు నిలబెట్టారు, ఒకటి తడికి, ఒకటి పొడికి. మధ్యలో కాటా, దాని పక్కన కుర్చీలో కోటిలింగం. 'శ్రోతలు తమ తమ బుట్టలతో సకాలములో హాజరు కావలెను' అని ముందురోజే మైకులో చాటించారు కాబట్టి, వచ్చిన రెండు వేల మందీ ఒళ్ళో బుట్టలు పెట్టుకుని కూర్చున్నారు. ముందు వరసలో సంచాలకులవారు. ఆయన ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకునే, 'కళ ప్రజల చెంతకు చేరినపుడే' అని పది నిమిషాలు ప్రసంగించారు.

శేషుకుమారి మైకు ముందుకొచ్చింది. మిషను లేకపోతే తాళం ఎలాగా అని ఒక్క క్షణం భయపడి, కుడికాలు నేల మీద మెల్లిగా తొక్కడం మొదలుపెట్టింది. పల్లవి ఎత్తుకుంది.

రెండు వేల మందీ ఒక్కసారిగా లేచారు. తోసుకోకుండా, తొక్కుకోకుండా, ఎవరి వరసలో వారు బళ్ళ దగ్గర బారులు తీరారు. సంచాలకులవారి కనుబొమలు ఆనందంతో పైకి లేచాయి. కోటిలింగం కాటా మీద వేలు పెట్టి సిద్ధమయ్యాడు. అందరికంటే ముందు మంగతాయారు. ఆవిడ తడి బుట్ట రెండు చేతులా ఎత్తి బండి అంచు మీద ఆనించింది. 'మాట చెప్పి పోవే' అయిపోతోంది. ఇక్కడ పాట ఆగుతుంది, బండి కదిలిపోతుంది. అది అలవాటైన జనం గబగబా ముందుకి తోశారు.

పాట ఆగలేదు. గొంతు ఒక మెట్టు కిందికి దిగింది.

'ఎటు పోతానే తల్లీ, నేనూ ఇల్లే వెతుకుతున్నా
నిన్నటిదాకా తట్టిన తలుపు నీళ్ళల్లో ఉందన్నారు
ఊగుదామంటే ఆకే లేదు, ఊరే ఏట్లో కలిసింది
ఊరి పేరు నీకైనా గుర్తుంటే ఒక్కసారి పిలవవే!'

మంగతాయారు బుట్ట ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. "దీనికింకా ఉందా?" అంది వెనకనున్నావిడ. "ఉష్" అన్నారెవరో. పూలదండల బండి పక్కన సూరిబాబు నేల మీద చతికిలబడి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నోరు కాస్త తెరుచుకుని వింటున్నాడు. "అదీ సంగతి" అన్నాడు తనలో తను.

రెండో చరణంలో శేషుకుమారి గన్నేరులంకలో పోయిన ఇళ్ళ పేర్లు వరసగా పాడింది. గాడిలంకమ్మ గారిల్లు, గూటాల వెంకన్న పాక, వాన కురిస్తే బడి పెట్టుకునే పెంకుటిల్లు. ఎవరింటి పేరు దగ్గరా గొంతు ఆగలేదు. చివరి ఇల్లు ఆవిడ పుట్టిల్లే. దాని దగ్గర మాత్రం వణికింది.

వరసలో నుంచి ఒక ముసలాయన, బుట్ట చంకలో పెట్టుకుని, "మాది కొమ్మలంకండి. అదీ పోయిందండి" అన్నాడు. ఎవరూ అడక్కుండానే అన్నాడు. కాసేపటికి ఇంకో మూల నుంచి ఇంకో లంక పేరు వినపడింది. మంగతాయారు వెనక్కి తిరిగి, "మా అమ్మమ్మగారిది ఏనుగుమొండిలంకమ్మా" అంది. ఎవరితో అంటోందో ఆవిడకే తెలియదు. రామన్నరేవులో సగం మంది ఏట్లోంచి లేచొచ్చిన వాళ్ళేనని అప్పుడే అందరికీ తెలిసింది.

"వరుసలో సంభాషణ నిషిద్ధం!" అని కమిషనర్ గారు మైకులో అరిచారు. ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు.

పాట అయిపోయింది. చప్పట్లు లేవు. తర్వాత మెల్లిమెల్లిగా, గుంపులు గుంపులుగా, మాట్లాడుకుంటూ, ఎవరి బుట్ట వాళ్ళు చంకన పెట్టుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఒక్క తొక్క పడలేదు. కోటిలింగం కాటాని రెండుసార్లు తట్టి చూశాడు. ముల్లు సున్నా దగ్గర నుంచి చలించలేదు. అతను సంచాలకులవారి ముఖం వైపు చూడలేక బండి చక్రం వైపు చూశాడు. సంచాలకులవారు జేబులోంచి కలం తీశారు.

తొమ్మిదో రోజున సంచాలకులవారి ఆఫీసు నుంచి శేషుకుమారికి కవరు వచ్చింది. భద్రం అప్పుడే అన్నానికి కూర్చున్నాడు. ఆవిడ మిషను దగ్గరే నిలబడి చింపి, పైకి చదవడం మొదలుపెట్టింది.

'దినోత్సవమునాటి కార్యక్రమమునందు పల్లవి వరకు గాయని ప్రతిభ ప్రశంసనీయముగా ఉన్నది. అయితే చరణములు ప్రారంభమైన పిమ్మట, హాజరైన రెండు వేల మంది పౌరులు తాము చేతబట్టుకొనిన చెత్తను సైతం మరచి నిలబడిపోయినట్లు క్రింద సంతకం చేసిన వారు స్వయముగా గమనించిరి. శ్రోతల స్పందన: సున్న. పాట పూర్తిగా విన్న ప్రజలు మరుసటి మూడు దినములు కూడా వాహనము వద్దకు వచ్చి, బుట్టలు బోర్లించుటకు మారుగా, మిగతా పాట వేయమని డ్రైవర్లను నిర్బంధించిరి. ఇట్టి పాట పారిశుధ్యమునకు హానికరమని నిర్ధారించి, పథకము నుండి తొలగించడమైనది. ఇకపై సదరు పాటను గాయని ఎక్కడైనను, ఎంతసేపైనను పాడుకొనుటకు సంఘమునకు అభ్యంతరము లేదు.'

చదవడం అయిపోయాక ఆవిడ గోడ వైపు తిరిగింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. భద్రం ముద్ద కంచంలోనే వదిలేసి లేచొచ్చాడు.

"శేషూ, ఏడుస్తున్నావా? పోతే పోయిందే, వెధవ పథకం! నవ్వుతున్నావా ఏంటి?"

"ఏవండీ, ఇలా కూర్చోండి. మొదట్నుంచీ మళ్ళీ చదువుతాను, నిద్రపోకుండా వినండి" అంది శేషుకుమారి కళ్ళు తుడుచుకుంటూ. "నా పాట గురించి ఇంత మంచిగా ఎవరూ రాయలేదండి."